ఏ హైస్కూలు? – కాలేజీ చదువును దృష్టియందుంచుకొని
(ప్రసంగ పాఠము)



ప్రతి సంవత్సరము పరీక్షా ఫలితములు వెలువడు వేళకు రాయపూరునందలి తెలుగు ఇండ్లలో ఒకే చర్చ సాగుచుండును. ఎనిమిదవ తరగతి దాటిన అబ్బాయినో అమ్మాయినో ఏ పాఠశాలలో చేర్పవలెను? ప్రభుత్వ పాఠశాలయా, ప్రైవేటు పాఠశాలయా? ఈ ప్రశ్న వెనుక అసలు ప్రశ్న మరియొకటి కలదు. నాలుగేండ్ల తరువాత ఆ బిడ్డ ఏ కాలేజీలో అడుగు పెట్టును? తండ్రి జీతపు లెక్క వేయును. తల్లి బస్సు దూరము లెక్కించును. స్వగ్రామమునుండి మేనమామ ఫోను చేసి, పిల్లవానిని విజయవాడకు పంపుడని సలహా చెప్పును. తుదకు పొరుగువారి పిల్లవాడు చేరిన చోటనే వీరి పిల్లవాడును చేరును. విచారణ లేక చేసిన ఈ నిర్ణయమునకు చెల్లింపవలసిన మూల్యమెంతయో నాలుగేండ్లకు గాని తెలియదు. కావున ఈ విషయమును కొంత నెమ్మదిగ పరిశీలించుటయే ఈ ప్రసంగమున కుద్దేశము.

రాయపూరు చరిత్రలో ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1877లో విశ్వనాథ దత్తు అను కలకత్తా న్యాయవాది కుటుంబసహితముగ రాయపూరు వచ్చి సుమారు రెండేండ్లు నివసించెను. ఆయన కుమారుడు నరేంద్రుడు, తరువాతి కాలమున వివేకానందస్వామిగా లోకప్రసిద్ధుడైన మహానుభావుడు, అప్పటికి పదునాలుగేండ్ల బాలుడు. ఆనాడు ఊరిలో తగిన బడి లేకపోవుటచే తండ్రియే ఇంటివద్ద చదువు చెప్పెనని జీవితచరిత్రకారులు వ్రాసియున్నారు. 1879లో కలకత్తాకు మరలిన పిమ్మట ఆ బాలుడు ప్రవేశ పరీక్షలో ఉత్తీర్ణుడై ప్రెసిడెన్సీ కాలేజీలో చేరెను. కొంతకాలమునకు ఇదే ఊరి హైస్కూలులో చదువుకొన్న హరినాథ డే కేంబ్రిడ్జి వరకు పోయి, బహుభాషావేత్తయై, 1907లో కలకత్తా ఇంపీరియల్ గ్రంథాలయమునకు తొలి భారతీయ గ్రంథాలయాధికారి యయ్యెను. ఒకరికి బడియే లేదు. మరియొకరికి ఊరి హైస్కూలు కలదు. ఇరువురును పైచదువునకు చేరుకొనిరి. బడి ముఖ్యమే గాని బడి ఒక్కటియే సర్వస్వము కాదని ఈ రెండు వృత్తాంతములు తెలుపుచున్నవి.

ప్రైవేటు, ప్రభుత్వము అను గీత కూడ ఈ నగరమున ఎన్నడును స్థిరముగ నిలువలేదు. 1882లో జబల్పూరునందు సంస్థానాధీశుల పిల్లల కొరకు స్థాపింపబడిన పాఠశాల 1894లో రాయపూరునకు తరలివచ్చి రాజకుమార కళాశాలగా వెలసినది. నేడు రాజకుమారులు లేరు. ఫీజు కట్టగల కుటుంబముల పిల్లలు అందు చదువుచున్నారు. ఛత్తీస్‌గఢ్ ప్రాంతమునకు తొలి కాలేజీ 1938లో జె. యోగానందము గారి కృషిచే రాయపూరునందు ఏర్పడినది. ప్రజల ప్రయత్నముతో పుట్టిన ఆ సంస్థ తరువాత ప్రభుత్వ కళాశాలయై నేటికిని వారి పేరును ధరించియున్నది. కావున ప్రైవేటు సంస్థలన్నియు వ్యాపారములనియు, ప్రభుత్వ సంస్థలన్నియు నిర్లక్ష్యమునకు నిలయములనియు ముందుగనే తీర్మానించుకొనుట న్యాయము కాదు.

తెలుగువారి రాక ఈ నగరమునకు చాలవరకు రైలుబండితో ముడివడినది. బెంగాల్ నాగపూర్ రైల్వే ఉద్యోగములకై ఉత్తరాంధ్రనుండి అనేక కుటుంబములు మధ్యప్రాంతములకు వచ్చినవి. 1931లో రాయపూరు–విజయనగరము మార్గము పూర్తియైన పిమ్మట రాకపోకలు మరింత సులభమయ్యెను. అటుపిమ్మట భిలాయి ఉక్కు కర్మాగారము, కేంద్ర ప్రభుత్వ కార్యాలయములు, 2000 నవంబరు 1వ తేదీన ఏర్పడిన క్రొత్త రాష్ట్రమునకు రాజధాని యగుట, ఇవన్నియు తెలుగు ఉద్యోగుల సంఖ్యను పెంచినవి. తొలితరము వారికి కొలువే ప్రధానము. నేటి తరము వారికి పిల్లల కాలేజీ ప్రధానము.

ఆ కాలేజీలు నేడు ఇంటి ముంగిటనే కలవు. 1956లో బాబూ రాజేంద్రప్రసాదు గారు శంకుస్థాపన చేయగా గనుల, లోహశాస్త్ర కళాశాలగా ఆరంభమైన సంస్థ 2005లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, అనగా ఎన్.ఐ.టి., అయినది. వైద్య కళాశాల 1963 నాటిది. రవిశంకర శుక్ల విశ్వవిద్యాలయము 1964లోను, ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయము 1987లోను, హిదాయతుల్లా జాతీయ న్యాయ విశ్వవిద్యాలయము 2003లోను, ఐ.ఐ.ఎం. 2010లోను, ఎయిమ్స్ 2012లోను, చేరువలోని భిలాయి ఐ.ఐ.టి. 2016లోను ఆరంభమైనవి. బిలాసపూరునందలి గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయము 2009లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైనది. ఇన్ని ద్వారములు ఒక రాత్రి రైలు ప్రయాణము కూడ లేని దూరములో నుండగా, హైస్కూలు ఎంపికయందు వీనిని మరచుట విజ్ఞత కాదు.

ఇక నగరమునందలి పాఠశాలలను చూడుడు. స్థూలముగ అవి నాలుగు విధములు. మొదటివి రాష్ట్ర ప్రభుత్వపు సాధారణ పాఠశాలలు. ఇవి ఎక్కువగ హిందీ మాధ్యమమున, రాష్ట్ర మాధ్యమిక విద్యా మండలి క్రింద నడచుచున్నవి. రెండవవి స్వామి ఆత్మానంద పేరిట 2020లో ఆరంభమైన ప్రభుత్వ ఆంగ్ల మాధ్యమ పాఠశాలలు. రాయపూరునందు వివేకానంద ఆశ్రమమును నెలకొల్పిన సన్న్యాసి పేర వీనిని పిలుచుచున్నారు. తొలుత ఆమాపారా, రాజాతాలాబ్, ఫాఫాడీహ్ ప్రాంతములందలి పాత ప్రభుత్వ పాఠశాలలనే బాగుచేసి, ప్రయోగశాలలు, గ్రంథాలయము అమర్చి తెరచిరి. చదువు ఉచితమని వీనిని ఆరంభించిరి. కోరువారు ఎక్కువై చీట్లు తీసి ప్రవేశము లిచ్చిన సందర్భములు కలవు. ఉచితమని తక్కువ చూపు చూచిన పాఠశాలల ముందే తలిదండ్రులు బారులు తీరి నిలుచుట గమనింపదగిన విషయము.

మూడవవి కేంద్రీయ విద్యాలయములు. బదిలీలతో ఊరూర తిరుగు ఉద్యోగుల పిల్లల చదువు చెడుచున్నదని రెండవ వేతన సంఘము గుర్తించిన ఫలితముగ, 1963లో 20 సైనిక దళ పాఠశాలలతో ఈ వ్యవస్థ ఆరంభమైనది. నేడు దేశమున పన్నెండు వందలకు పైగా కలవు. ప్రవేశమున కేంద్ర ప్రభుత్వోద్యోగుల పిల్లలది మొదటి వర్గము. గడచిన ఏడేండ్లలో ఎన్ని బదిలీలైనవో దానినిబట్టి ప్రాధాన్యము. ఒక ఊరి కేంద్రీయ విద్యాలయమునుండి మరియొక ఊరిదానికి మారుటలో పాఠ్యక్రమము మారదు. తొమ్మిదవ తరగతిలో క్రొత్తగ చేరువారికి ప్రవేశ పరీక్ష యుండును. పదునొకండవ తరగతిలో ముందు తమ విద్యార్థులకు చోటిచ్చి, మిగిలిన చోట్లకే ఇతరులను తీసికొందురు. అనగా పదవ తరగతి తరువాత చేర్పింతమని కూర్చున్నవారికి ద్వారము ఇరుకగును.

నాలుగవవి ప్రైవేటు పాఠశాలలు. వీనిలో క్రైస్తవ మిషనుల పాత పాఠశాలలు, ధర్మసంస్థల పాఠశాలలు, వ్యాపార దృష్టితో వెలసినవి, అన్నియు కలవు. ఒకే మాటతో అన్నిటిని కొలువరాదు. 2009 విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రవేశ తరగతిలో 25 శాతము చోట్లను బీద పిల్లలకీయవలెను; ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము 2019లో ఆ సౌకర్యమును పండ్రెండవ తరగతి వరకు పొడిగించినది. 2020లో ప్రైవేటు పాఠశాలల ఫీజుల నియంత్రణ చట్టమును కూడ చేసినది. దాని క్రింద పాఠశాల స్థాయిని, జిల్లా స్థాయిని, రాష్ట్ర స్థాయిని ఫీజుల సంఘములు కలవు. పాఠశాల సంఘములో తలిదండ్రుల ప్రతినిధులుందురను సంగతి చాలమందికి తెలియదు. తెలిసినవారును సభలకు పోవుటలేదు.

ఫీజుల మాట వచ్చినది గనుక లెక్కయే చూడవచ్చును. ఏడవ వేతన సంఘపు నియమముల ప్రకారము కేంద్ర ఉద్యోగికి ఇరువురు పిల్లల వరకు లభించు విద్యాభత్యము, కరువు భత్యము 50 శాతమును చేరిన కారణమున, 2024 జనవరి 1వ తేదీనుండి నెలకు ఒక్కొక్క బిడ్డకు 2,812 రూపాయల 50 పైసలు. సంవత్సరమునకు 33,750 రూపాయలు. ఖర్చు ఎంతయైనను ఈ మొత్తము మారదు. కేంద్రీయ విద్యాలయమున పదునొకండు, పండ్రెండు తరగతుల విజ్ఞానశాఖ విద్యార్థికి బోధన రుసుము నెలకు 400 రూపాయలు, విద్యాలయ వికాస నిధికి 500 రూపాయలు. కంప్యూటరు మొదలగు చిన్న రుసుములు వేరు. బాలికలకు బోధన రుసుము లేదు. ఈ లెక్కన సంవత్సరపు వ్యయము పోగా విద్యాభత్యమున సుమారు ఇరువది వేల రూపాయలు మిగులును. ఆ సొమ్ముతో మంచి పుస్తకములు కొనవచ్చును. బలహీనమైన ఒక విషయమునకు మాత్రము ఒక ఉపాధ్యాయుని నియమించుకొనవచ్చును. ప్రైవేటు పాఠశాలలో చేర్చిన తండ్రికి ఈ భత్యము నెల ఫీజుకైనను చాలునో చాలదో, బస్సు, దుస్తులు, పుస్తకములు కలిపి ముందుగనే కూడి చూచుకొనవలెను. దానిపై కోచింగు ఖర్చు వేరుగ నుండును. హైస్కూలులోనే పొదుపంతయు కరగిపోయినచో, కాలేజీలో సీటు వచ్చిన నాడు చేతిలో సొమ్ముండదు.

ఖర్చునకు తగిన చదువు లభించునా యన్నది తరువాతి ప్రశ్న. దీనిని ఊహతో గాక పరీక్షతో తేల్చిన ప్రయత్నమొకటి తెలుగునాటనే జరిగినది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను ఆర్థికశాస్త్రవేత్తలు ఆంధ్రప్రదేశ్‌లోని 180 గ్రామములలో, 2008 మొదలుకొని, కొందరు బీద పిల్లలకు చీట్ల పద్ధతిని ప్రైవేటు పాఠశాలల ఫీజు సహాయమిచ్చిరి. చీటి తగిలినవారిని, తగలనివారిని నాలుగేండ్ల పిమ్మట పోల్చి, 2015లో ఫలితములను ప్రకటించిరి. తెలుగునందును గణితమునందును ఇరువురికి చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. హిందీలో మాత్రము ప్రైవేటు పాఠశాలల పిల్లలు చాల ముందుండిరి. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో ఆ భాషను బోధింపకపోవుటయే దీనికి కారణము. ప్రైవేటు పాఠశాలలు ఒక్కొక్క పిల్లవానిపై చేయు వ్యయము ప్రభుత్వపు వ్యయములో మూడవ వంతుకంటె తక్కువయని కూడ వారు చూపిరి. అనగా ప్రైవేటు పాఠశాల తక్కువ ఖర్చుతో అంతే ఫలితము సాధించుచున్నది. ప్రభుత్వ పాఠశాల అంతకంటె తక్కువ నేర్పుటలేదు. ఇది ప్రాథమిక తరగతుల మాటయే యైనను, ఇరుపక్షముల వాదులకును మిత్రమైన ఫలితము. ఆర్థిక సహకారాభివృద్ధి సంస్థ వారు అనేక దేశములలో పదునైదేండ్ల పిల్లలకు జరుపు పీసా పరీక్షల ఫలితములును ఇట్లే చెప్పుచున్నవి. ప్రైవేటు పాఠశాలల పిల్లలకు మార్కులు ఎక్కువే. కాని కుటుంబముల ఆర్థిక, విద్యాస్థితిని లెక్కలోనికి తీసికొనినచో చాల దేశములలో ఆ ఆధిక్యము కరగిపోవుచున్నది. మంచి ఫలితములు చూపు పాఠశాల బాగుగ బోధించుచున్నదో, బాగుగ చదువు పిల్లలనే ఏరుకొనుచున్నదో విడదీసి చూడవలెను.

రాయపూరునందే దీనికి ప్రబలమైన నిదర్శనము కలదు. 2010లో రాష్ట్ర ప్రభుత్వము 'ప్రయాస్' అను పేర వసతి పాఠశాలను ఆరంభించి, నక్సలైటు హింసచే పీడింపబడిన జిల్లాల పిల్లలను తెచ్చి, పాఠశాల చదువుతోపాటు ప్రవేశ పరీక్షల శిక్షణ నిచ్చినది. ఇంట చదువు చెప్పువారులేని ఆ అడవి ప్రాంతపు పిల్లలు ఐ.ఐ.టి.లలోను, ఎన్.ఐ.టి.లలోను చేరిరి. తెలుగునాట 1971లో సర్వేలు గ్రామమున ఆరంభమైన గురుకుల పాఠశాల కూడ ఇట్టిదే. ప్రభుత్వ పాఠశాలయందు పిల్లవాడు పైకి రాలేడను మాట ఈ రెండు సంస్థల ముందు నిలువదు. ఉపాధ్యాయుడుండి, క్రమము తప్పక పాఠము జరిగి, పిల్లవానిపై నమ్మకముంచిన చోట చదువు వచ్చును.

ఇక కాలేజీలు నేడు ఏమి అడుగుచున్నవి? పూర్వము పాఠశాల పేరు, పరీక్షా మార్కులు ప్రధానములు. ఇప్పుడు ఇంజనీరింగునకు జె.ఇ.ఇ., వైద్యమునకు నీట్, న్యాయశాస్త్రమునకు క్లాట్, కేంద్రీయ విశ్వవిద్యాలయముల డిగ్రీ తరగతులకు 2022 నుండి సి.యు.ఇ.టి. ప్రధానములైనవి. ఐ.ఐ.టి., ఎన్.ఐ.టి.లలో చేరుటకు పండ్రెండవ తరగతిలో 75 శాతము మార్కులైనను రావలెను, లేదా ఆ మండలి విద్యార్థులలో మొదటి 20 పర్సంటైలులో నుండవలెను. షెడ్యూల్డు కులములకు, తెగలకు 65 శాతము చాలును. ఈ గడప దాటిన పిమ్మట ర్యాంకును నిర్ణయించునది ప్రవేశ పరీక్షయే. ప్రశ్నాపత్రము అభ్యర్థిని "నీవు ఏ బడిలో చదివితివి?" అని అడుగదు. కావున గొప్ప పేరుగల పాఠశాల యను ఒక్క కారణముతో అధిక ధనము వెచ్చించుట వ్యర్థము. 9, 10 తరగతులలో గణితము, విజ్ఞానశాస్త్రము, భాష గట్టిగ నేర్పు పాఠశాల ఏదైనను మంచిదే.

ఈ మార్పువలన ఒక దుష్ఫలితమును కలిగినది. పదునొకండవ తరగతిలో పేరు మాత్రము ఒక పాఠశాలలో నుంచి, దినమంతయు కోచింగు కేంద్రమున గడపు పద్ధతి వ్యాపించినది. దీనినే డమ్మీ పాఠశాల యందురు. సి.బి.ఎస్.ఇ. నియమముల ప్రకారము 75 శాతము హాజరు తప్పనిసరి. 2024 మార్చిలో ఆ సంస్థ తనిఖీలు జరిపి, దేశమున 20 పాఠశాలల గుర్తింపును రద్దు చేసినది. వానిలో రాయపూరునకు చెందినవియు నుండెను. గుర్తింపు పోయిన నాడు పాఠశాల యజమాని మరియొక వ్యాపారము చూచుకొనవచ్చును. పండ్రెండవ తరగతి పిల్లవాని సంవత్సరము మాత్రము తిరిగి రాదు. అంతకంటె పెద్ద నష్టము మరియొకటి కలదు. పదునారేండ్ల వయస్సున ప్రయోగశాల, ఆటస్థలము, మిత్రబృందము, ఉపాధ్యాయునితో సంభాషణ లేక పెరిగిన పిల్లవాడు ర్యాంకు రానినాడు నిలద్రొక్కుకొనలేడు. ర్యాంకు వచ్చువారు కొందరే, రానివారు అధికులు. ఆ అధికుల కొరకు కూడ పాఠశాల నెన్నుకొనవలెను.

ఇప్పుడు రాయపూరు తెలుగు కుటుంబములకు మాత్రమే ప్రత్యేకమైన చిక్కు నొకదానిని చెప్పవలసియున్నది. చాలమంది పదవ తరగతి వరకు ఇక్కడ చదివించి, ఇంటర్మీడియటునకు విజయవాడకో, విశాఖపట్టణమునకో, హైదరాబాదునకో పంపుచున్నారు. అక్కడి ప్రైవేటు వసతి కాలేజీల ప్రకటనలు చూచి చేయు ఈ నిర్ణయమువలన పిల్లవాని స్థానికత ఏమగునో ఆలోచించువారు తక్కువ.

ఎన్.ఐ.టి.లలో సగము సీట్లు ఆ రాష్ట్రమువారికి కేటాయింపబడియుండును. ఏ రాష్ట్రమువాడను విషయము తండ్రి స్వస్థలమునుబట్టి గాక, పండ్రెండవ తరగతి ఎక్కడ ఉత్తీర్ణుడయ్యెనో దానినిబట్టి నిర్ణయింపబడును. రాయపూరులో పండ్రెండవ తరగతి చదివిన తెలుగు పిల్లవాడు రాయపూరు ఎన్.ఐ.టి.కి స్వరాష్ట్ర అభ్యర్థి. విజయవాడలో ఇంటర్మీడియటు చదివినచో ఆ హక్కును కోల్పోయి, 2015లో తాడేపల్లిగూడెమున ఆరంభమైన ఎన్.ఐ.టి.కి స్వరాష్ట్ర అభ్యర్థి యగును. ఇది ఒక మార్పిడి మాత్రమే యనుకొనవచ్చును. కాని ఆంధ్ర రాష్ట్ర కాలేజీల మాట వేరు. రాజ్యాంగపు 371–డి అధికరణము క్రింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము 85 శాతము సీట్లు స్థానికులవి. స్థానికుడనగా అర్హత పరీక్షతో ముగియునట్లు వరుసగ నాలుగు విద్యాసంవత్సరములు ఆ ప్రాంతమున చదివినవాడు. రెండేండ్ల ఇంటర్మీడియటు దీనికి చాలదు. మిగిలిన 15 శాతమునకు వేరు షరతులు కలవు. తెలంగాణమున వైద్యవిద్యకు 9 నుండి 12 వరకు నాలుగేండ్లు ఆ రాష్ట్రముననే చదువవలెనను నియమమును 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించినది. ఉద్యోగుల పిల్లలకు కొన్ని మినహాయింపులుండవచ్చును. అవి రాష్ట్రమునుబట్టియు సంవత్సరమునుబట్టియు మారుచుండును గనుక ఆయా సంవత్సరపు ప్రకటనను స్వయముగ చదువవలెను.

దీని సారాంశ మిది. 9, 10 తరగతులు రాయపూరులోను, 11, 12 తరగతులు విజయవాడలోను చదివిన పిల్లవాడు ఆంధ్ర కాలేజీలకు స్థానికుడు కాడు, రాయపూరు ఎన్.ఐ.టి.కి స్వరాష్ట్రీయుడును కాడు. రెండు గడపల నడుమ నిలిచిపోవును. తెలుగునాట చదివింపదలచినవారు తొమ్మిదవ తరగతిలోనే పంపుట మేలు. రాయపూరుననే చదివింపదలచినవారు పండ్రెండు వరకు ఇక్కడనే ఉంచుట మేలు. ఛత్తీస్‌గఢ్ వైద్య కళాశాలలలోని రాష్ట్ర సీట్లకు నివాస ధ్రువపత్రము కావలెను. కేంద్ర ఉద్యోగుల పిల్లలకు వర్తించు షరతులను తహసీలు కార్యాలయమున ముందుగనే విచారించి, పత్రమును సిద్ధపరచుకొనవలెను. సీటు పిలుపు వచ్చిన వారమున పత్రము కొరకు పరుగెత్తుట కష్టము. ఐ.ఐ.టి.లకు, ఎయిమ్స్‌కు ఈ స్థానిక భేదము లేదు. కావున నిర్ణయము చేయవలసిన కాలము పదవ తరగతి ఫలితముల నాడు కాదు, ఎనిమిదవ తరగతి పూర్తియగునాడే.

ఇంకొక మాట కొంచెము కటువుగ నుండవచ్చును. ఒకే ఇంట కుమారుని ప్రైవేటు పాఠశాలకు, కుమార్తెను ప్రభుత్వ పాఠశాలకు పంపు ఆచారము దేశమున చాల చోట్ల కలదు. విద్యావంతులైన ఉద్యోగుల ఇండ్లును దీనికి మినహాయింపు కాదు. ఆమెకు ఫీజు లేదుకదా యని సమాధానము చెప్పుకొందురు. ప్రభుత్వ పాఠశాల మంచిదని నమ్మినచో ఇరువురిని అందే చేర్పవలెను. మంచిది కాదని నమ్మినచో కుమార్తెను మాత్రము అందేల చేర్పవలెను? పాఠశాల ఎంపికలో అమ్మాయి చురుకుదనమును, ఇష్టమును అబ్బాయిదానితో సమముగ తూచుట న్యాయము. బాలికలకు బోధన రుసుము లేకుండుట వలన మిగులు సొమ్ము ఆమె చదువునకే వినియోగింపబడవలెను గాని తమ్ముని కోచింగునకు కాదు.

అన్ని దారులును ఇంజనీరింగునకే పోవునని భావించుట కూడ పొరపాటు. చరిత్ర, అర్థశాస్త్రము, రాజనీతి, భాషలు చదివినవారు న్యాయవాదులు, పాలనాధికారులు, ఆచార్యులు, పత్రికా రచయితలు అగుచున్నారు. హిదాయతుల్లా విశ్వవిద్యాలయము ఈ నగరముననే యుండగా ఎంతమంది తెలుగు పిల్లలు దానిని లక్ష్యముగ పెట్టుకొనుచున్నారు? పదునొకండవ తరగతిలో మానవీయ శాస్త్రముల శాఖ ప్రతి పాఠశాలలో నుండదు. కొన్ని చోట్ల విజ్ఞాన, వాణిజ్య శాఖలు మాత్రమే యుండును. తొమ్మిదవ తరగతిలో చేర్చునపుడే ఈ సంగతి అడిగి తెలిసికొనవలెను. లేనిచో పిల్లవాని అభిరుచిని పాఠశాలలోని గదుల సంఖ్య నిర్ణయించును.

తెలుగు మాట కూడ ఇచ్చట చెప్పుట యుక్తము. సి.బి.ఎస్.ఇ. విషయముల జాబితాలో తెలుగు కలదు. కాని బోధించువాడు లేనిచో జాబితావలన ప్రయోజనము లేదు. హిందీలో మాటాడి, ఇంగ్లీషులో వ్రాసి, ఇంట తెలుగు వినుచు పెరుగు బిడ్డకు మూడు భాషలును సంపదయే. పాఠశాల తెలుగు నేర్పని చోట ఇల్లు, సంఘము ఆ భారమును వహింపవలెను. తెలుగునాట కాలేజీలో చేరిన నాడు ఆ బిడ్డ తోటివారితో సిగ్గుపడక మాటాడగలుగుటకు ఇది అవసరము.

పాఠశాలను చూడబోవు తలిదండ్రులు రంగుల ప్రకటనలను ప్రక్కనబెట్టి కొన్ని ప్రశ్నలు వేయవలెను. గణితము, భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము బోధించు ఉపాధ్యాయులు ఎన్నేండ్లుగ అక్కడ పనిచేయుచున్నారు? ఉపాధ్యాయ పదవులు ఖాళీగ నున్నవా? ప్రయోగశాల తాళము వారమున కెన్ని సార్లు తీయుదురు? గ్రంథాలయమునుండి పుస్తకము ఇంటి కిత్తురా? తొమ్మిదవ తరగతిలో చేరినవారిలో పండ్రెండవ తరగతి వరకు నిలిచినవా రెందరు? నడుమ వెళ్లిపోయినవా రెందుకు వెళ్లిరి? మొదటి ర్యాంకు వచ్చిన వాని చిత్రపటమును గాక, మధ్యస్థముగ చదువు పిల్లలు ఎక్కడ చేరిరో చూపుమని అడుగవలెను. ఈ ప్రశ్నలకు తిన్నని సమాధానమిచ్చు పాఠశాల ప్రభుత్వానిదైనను ప్రైవేటుదైనను నమ్మదగినది. తుదకు ఆ పిల్లవానినో పిల్లనో వెంట తీసికొనిపోయి, వారి అభిప్రాయమును కూడ అడుగవలెను. నాలుగేండ్లు ఆ బల్లపై కూర్చుండువారు వారు.

ఈ విషయమున తెలుగు సంఘములు చేయదగిన పని కొంత కలదు. నగరమునందలి కాలేజీలలో చదువుచున్న తెలుగు విద్యార్థులచే సంవత్సరమున కొకసారి తొమ్మిదవ తరగతి పిల్లలతోను, వారి తలిదండ్రులతోను ముఖాముఖి ఏర్పాటు చేయవచ్చును. స్థానికతా నియమములను, నివాస పత్రపు పద్ధతిని, ఫీజు సంఘముల హక్కులను తెలుగులో ఒక చిన్న కరపత్రముగ అచ్చువేసి పంచవచ్చును. నియమములు మారినపుడు దానిని సవరింపవచ్చును. పదవీ విరమణ పొందిన లెక్కల మాస్టర్లు, ఇంజనీర్లు మన సభ్యులలో కలరు. వారానికి రెండు సాయంకాలములు సంఘ భవనమున కూర్చుండి పిల్లల సందేహములు తీర్చినచో, బదిలీపై క్రొత్తగ వచ్చిన చిన్న ఉద్యోగి కుటుంబమునకు అది ఏ భత్యముకంటెను గొప్ప సహాయమగును. గ్రూపు 'సి' ఉద్యోగి బిడ్డకును అధికారి బిడ్డకును ఒకే బల్లపై చోటు దొరకు స్థలము ఒకటైనను ఉండవలెను.

ప్రభుత్వ పాఠశాలయా, ప్రైవేటు పాఠశాలయా యను ప్రశ్నకు అందరికి సరిపడు ఒకే సమాధానము లేదు. బదిలీలుగల ఉద్యోగికి కేంద్రీయ విద్యాలయము సహజమైన ఆశ్రయము. అందు చోటు దొరకనివారు ఆత్మానంద పాఠశాలలను చిన్నచూపు లేక పరిశీలింపవచ్చును. బిడ్డ అభిరుచికి తగిన శాఖ, మంచి ఉపాధ్యాయులు ప్రైవేటు పాఠశాలలో మాత్రమే లభించి, ఫీజు కట్టిన పిమ్మటను కాలేజీకి కొంత సొమ్ము మిగులునట్లున్నచో అదియు సరియైన నిర్ణయమే. ఏ దారి నెన్నుకొనినను లెక్క వేసి, నియమములు చదివి, బిడ్డను అడిగి, ఎనిమిదవ తరగతి ముగియుసరికి నిర్ణయించుకొనుట క్షేమము. నరేంద్రుని కాలమున రాయపూరునకు బడి కొరత. నేడు బడులకు కొరత లేదు. తలిదండ్రుల విచారణకే కొరత. ఆ కొరతను తీర్చుకొనుట వారి చేతిలోనే యున్నది.